మర్ఫీలు ఎంతమంది?

 

దసరా సెలవుల్లో నేను ఊరికి పోలేదు. మా పెద్దనాన్న కొడుకు ఉస్మానియా యూనివర్సిటీలో చదువుతున్నాడు, బౌద్ధనగర్‌లో గది తీసుకుని ఉంటున్నాడు. పది రోజులు అక్కడే ఉన్నాను. ఆ ఇంటివాళ్ళ వరండాలో ఒక పాత రేడియో ఉంది. అది పలకదు. దాని మీద దేవుడి పటాలు పెట్టుకున్నారు. ముందున్న ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని "మూర్తి" అని చదివాను. అన్న పడీ పడీ నవ్వాడు. "మూర్తి కాదురా, మర్ఫీ! ఐర్లాండ్ వాళ్ళ ఇంటిపేరు" అన్నాడు.

మన హాస్టల్లో కొమరం ఇంటిపేరు వాళ్ళు నలుగురున్నారు. కొమరం భీం ఇంటిపేరు కూడా అదే. అట్లాగే ఐర్లాండ్‌లో ఎక్కడ చూసినా మర్ఫీలే. ఆ దేశంలో అన్నిటికంటే ఎక్కువ మందికి ఉన్న ఇంటిపేరు అదే. వాళ్ళ పాత భాషలో దాని అర్థం సముద్ర వీరుడు. బతుకుతెరువు కోసం వాళ్ళు ఎన్నో దేశాలకు పోయారు, పేరు కూడా వెంట పోయింది.

రేడియో మర్ఫీ పేరు ఫ్రాంక్. 1929లో ఇంగ్లండులో ఇంకొకాయనతో కలిసి కంపెనీ పెట్టాడు. పెదవి మీద వేలు పెట్టుకున్న పసిపిల్ల బొమ్మతో ఆ రేడియో మన దేశంలో ఇంటింటా తెలిసింది. సికింద్రాబాద్‌లో ఇంకో మర్ఫీ ఉన్నాడు. సెయింట్ మేరీస్ చర్చి కట్టించిన డేనియల్ మర్ఫీ. ఐర్లాండ్‌లోని కార్క్ ప్రాంతం వాడు. హైదరాబాద్‌కు బిషప్ అయ్యాడు, తర్వాత ఆస్ట్రేలియా వైపు టాస్మానియాకు పోయి 1907లో అక్కడే చనిపోయాడు. మూడో ఆయన ఎడ్వర్డ్ మర్ఫీ, అమెరికా ఇంజనీరు. 1949లో ఒక పరీక్షలో తీగలు తలకిందులుగా కలిపారు, పరికరం ఏమీ కొలవలేదు. తప్పు జరిగే వీలుంటే జరిగే తీరుతుందన్న "మర్ఫీ సూత్రం" అప్పుడే పుట్టింది. మన మెస్సు పప్పు చూసినప్పుడల్లా నాకు ఈయనే గుర్తొస్తాడు (వంట మామ కోపం చేసుకోవద్దు).

నేను అసలు రాయాలనుకున్నది నాలుగో మర్ఫీ గురించి. విలియం మర్ఫీ, అమెరికా డాక్టరు. ఆ రోజుల్లో ఒక రకం రక్తహీనత వస్తే మనిషి బతికేవాడు కాదు. రక్తం తగ్గిన కుక్కలకు కార్జం పెడితే రక్తం త్వరగా పడుతోందని విపుల్ అనే ఆయన కనిపెట్టాడు. మర్ఫీ, మైనాట్ కలిసి రోగులకు రోజూ కార్జం తినిపించారు. 1926లో 45 మంది రోగుల సంగతి ప్రకటించారు. 1934లో ముగ్గురికీ నోబెల్ బహుమతి వచ్చింది. కార్జంలో ఉన్న ఆ మందు బి12 విటమిన్ అని 1948లో తేలింది. మా ఊళ్ళో మేకను కోస్తే కార్జం ముక్క కాల్చి ముందు పిల్లలకే ఇస్తారు. మా అవ్వ ఏ పుస్తకం చదివిందో!

ఈ కథలో మన తెలుగాయన కూడా ఉన్నాడు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన అన్న స్ప్రూ అనే జబ్బుతో చనిపోయాడు. ఆ జబ్బులో తిన్నది ఒంటికి పట్టదు, రక్తం తగ్గిపోతుంది. సుబ్బారావు అమెరికా పోయి కార్జం సారం మీద ఏళ్ళ తరబడి పని చేశాడు. 1945లో లెడర్లీ కంపెనీలో ఆయన బృందం ఫోలిక్ ఆసిడ్ తయారు చేసింది. అది స్ప్రూకు మందయింది.

ఒక సాయంత్రం అన్న నన్ను తార్నాక తీసుకుపోయి జాతీయ పోషకాహార సంస్థ గేటు చూపించాడు. దాన్ని 1918లో కూనూరులో ఒక్క గదిలో మొదలుపెట్టిన మెక్‌కారిసన్ కూడా ఐర్లాండ్‌లో పుట్టినవాడే, మర్ఫీ మాత్రం కాదు. 1958లో సంస్థ హైదరాబాద్ వచ్చింది. గేటు దగ్గర అన్న అడిగాడు: "మీ హాస్టల్లో వారానికో నీలం మాత్ర ఇస్తారు కదా, మింగుతున్నావా?"

నేను జవాబు చెప్పలేదు. ఆ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆసిడ్ ఉంటాయి. అంటే సుబ్బారావు బృందం చేసిన మందే. నేను దాన్ని నాలుక కింద దాచి బావి వెనక ఉమ్మేసేవాణ్ణి. నేనొక్కణ్ణే కాదు, పేర్లు రాయను. మొన్న ఆగస్టులో ప్రార్థనలో కళ్ళు తిరిగి పడిపోయిన మన మిత్రుడు కూడా నాతో పాటు ఉమ్మినవాడే. వాడికి రక్తం ఏడే ఉందని డాక్టరమ్మ చెప్పింది.

కడుపు తిప్పితే అన్నం తిన్నాక వేసుకోవాలి. టీతో వద్దు, టీ ఐరన్‌ను ఒంటికి పట్టనీయదు. నిమ్మకాయ, ఉసిరికాయ మంచివి. అయితే అందరి రక్తహీనతా ఒకటి కాదు. మన గిరిజనుల్లో సికిల్ సెల్ ఎక్కువ. అందులో రక్తకణం కొడవలిలా వంగిపోతుంది, అది అమ్మానాన్నల నుంచి వస్తుంది, ఐరన్‌తో నయం కాదు. ఎన్నోసార్లు రక్తం ఎక్కించుకున్నవాళ్ళు డాక్టరుని అడగకుండా ఐరన్ వేసుకోకూడదు. ఎవరికి ఏది ఉందో రక్త పరీక్షలోనే తెలుస్తుంది.

వార్డెన్ సారూ, ఈసారి ఆరోగ్య శిబిరం వచ్చినప్పుడు అందరికీ సికిల్ సెల్ పరీక్ష చేయించండి. సూదికి భయపడేవాళ్ళు నా వెనక నిలబడండి, నేను ముందు చేయించుకుంటాను.