ఉక్కు గుఱ్ఱపు ఊపిరి

అమెరికా పడమటి మైదానములయందు కళ్ళెము లేక స్వేచ్ఛగా తిరుగు గుఱ్ఱములకు మస్టాంగులని పేరు. పూర్వము స్పెయిను దేశీయులు ఓడలపై తెచ్చిన గుఱ్ఱములు కొన్ని తప్పించుకొనిపోయి, అడవిలో పెంపొందగా ఏర్పడిన సంతతి అది. 1964 ఏప్రిల్ 17వ తేదీన న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనలో ఫోర్డు కంపెనీవారు ఒక క్రొత్త కారును ప్రజలకు చూపి, దానికి ఈ పేరే పెట్టిరి. దాని ముఖమున పరుగెత్తుచున్న గుఱ్ఱపు బొమ్మ. వెల సామాన్యునికి అందుబాటులో నుండెను. యువకులు దానికై ఎగబడిరి. మితమైన కారులో పెద్ద ఇంజను నమర్చి, వేగమునకే ప్రాధాన్యమిచ్చు వాహనములను అమెరికనులు మజిల్ కార్లు, అనగా కండబలము గల కార్లు అందురు. మస్టాంగు ఆ కోవలో పేరు గాంచినది.

ఈ బలమును కొలుచు మానము అశ్వశక్తి. ఆవిరియంత్రమును బాగుచేసిన జేమ్సు వాట్ దీనిని నిర్ణయించెను. సుమారు 76 కిలోల బరువును ఒక్క సెకనులో ఒక మీటరు ఎత్తునకు లేపగల శక్తి ఒక అశ్వశక్తి. ఎనిమిదవ తరగతి విద్యార్థులు ఇద్దరిని కలిపి తూచినచో ఇంచుమించు అంత బరువుందురు. అయితే తొలినాటి ప్రకటనలలోని అంకెలను ఉన్నవి ఉన్నట్లు నమ్మరాదు. గాలివడపోత, పొగగొట్టము మొదలగు భారములు లేకుండ ఇంజనును విడిగా పరీక్షించి చెప్పిన అంకెలవి. 1972 నుండి ఆ భారములన్నిటితో కొలుచు పద్ధతి వాడుకకు వచ్చెను. దానితో కాగితముమీది బలము చాలవరకు తగ్గిపోయెను.

కాగితముమీదనే కాదు, నిజముగను బలము తగ్గు కాలము వచ్చెను. లాస్ ఏంజిలిస్ వంటి నగరములలో కార్ల పొగ ఆకాశమును కప్పి, జనుల కన్నులను మండించుచుండెను. 1970లో అమెరికా శాసనసభ వాయుశుద్ధికి కఠినమైన చట్టము చేసెను. 1973లో అరబ్బు దేశములు చమురు పంపుట నిలిపివేయగా, పెట్రోలు బంకులయొద్ద కార్లు బారులు తీరెను. 1974 నాటి మస్టాంగునకు ఎనిమిది సిలిండర్ల ఇంజనే లేదు. చిన్న ఇంజను 2.3 లీటర్లది, 88 అశ్వశక్తులది. మరుసటి ఏట 5 లీటర్ల ఇంజను తిరిగి వచ్చినను, దాని బలము 140 అశ్వశక్తులకు మించలేదు. వేగమును కోరువారు నిట్టూర్చిరి. కాని నగరవాసుల ఊపిరితిత్తులకంటె కారు వేగము ముఖ్యమని ఎవరు వాదింపగలరు?

ఇప్పుడొక వింతను గమనింపవలెను. 2024 నాటి మస్టాంగు ఇంజను కూడ 5 లీటర్లదే. దాని బలమో 480 అశ్వశక్తులు. దాని పొగ 1975 నాటి పొగకంటె ఎన్నో రెట్లు శుభ్రమైనది. సిలిండర్ల పరిమాణము ఇంచుమించు అంతే యుండగా, బలము మూడు రెట్లకు పైగా ఎట్లు పెరిగినది?

కమ్మరి కొలిమిలో బొగ్గులెన్ని పోసినను, తిత్తి ఊదనిదే ఇనుము ఎఱ్ఱబడదు. ఇంజనును అంతియే. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండుటకు బరువున పదునాలుగు పాళ్ళకు పైగా గాలి కావలెను. పెట్రోలును లోనికి పంపుట సులభమే. అంత గాలిని సెకనులో స్వల్పభాగమున లోనికి చేర్చుటయే కష్టము. పాత ఇంజనులో ఒక్కొక్క సిలిండరునకు గాలి వచ్చుటకు ఒకటి, పొగ పోవుటకు ఒకటి, రెండే కవాటములు. అవి తెఱచుకొను సమయము ఎల్లప్పుడు ఒక్కటే. నెమ్మదిగ నడచువాని ఊపిరికిని, పరుగెత్తువాని ఊపిరికిని గల భేదము ఆ ఇంజనుకు తెలియదు.

ఇంజనీర్లను ఈ విషయమున తొందరపెట్టినది పోటీయే. 2010లో ప్రత్యర్థియైన షెవ్రొలే కమారో 6.2 లీటర్ల ఇంజనుతో 426 అశ్వశక్తులు చూపగా, మస్టాంగు 4.6 లీటర్లతో 315 వద్ద నిలిచెను. ఇంజనును ప్రత్యర్థిదంత పెద్దదిగ చేయక, దాని శ్వాసను బాగుచేయుటకు ఫోర్డువారు పూనుకొనిరి. 2011 నమూనాలో వచ్చిన 5 లీటర్ల ఇంజనుకు ముప్పదిరెండు కవాటములు. వేగమునుబట్టి అవి తెఱచుకొను సమయము దానియంతట అదే మారును. బలము 412 అశ్వశక్తులు.

2015లో కారు ఆకృతినే మార్చిరి. అంతవరకు చాలా మస్టాంగుల వెనుకచక్రములు ఎడ్లబండి చక్రములవలె ఒకే ఇరుసునకు బిగింపబడి, ఒకటి గుంటలో పడిన రెండవదియు కుదుపునకు లోనగుచుండెను. ఈ నమూనా మొదలు అన్ని మస్టాంగులకును వెనుకచక్రములు దేనికది కదలు ఏర్పాటు కలిగెను. బలమెంత యున్నను చక్రము నేలను విడిచినచో ఏమి ప్రయోజనము? ఇంజను కవాటములను పెద్దవి చేయగా బలము 435కు చేరెను. కర్మాగారముననే కుడిచేతి స్టీరింగుతో తయారైన మొదటి మస్టాంగు ఇదియే. 2016లో భారతదేశమునను అమ్మకమునకు వచ్చెను.

2018లో జరిగిన మార్పు మరింత సూక్ష్మమైనది. గాలిని ఎంత గట్టిగా నొక్కి మండించిన అంత బలము వచ్చును. కాని నొక్కినకొలది వేడెక్కి, పెట్రోలు వేళకు ముందే అంటుకొని ఇంజనును దెబ్బతీయును. అందుచే పెట్రోలును సరాసరి సిలిండరులోనికే తుంపరగా చిమ్ము సాధనమును, పాత సాధనమునకు తోడుగా చేర్చిరి. మట్టికుండపై చెమ్మ ఆవిరియై నీటిని చల్లబరచునట్లే, ఆ తుంపర ఆవిరియగుచు గాలిని చల్లార్చును. కనుక పండ్రెండింట ఒక వంతునకు నొక్కుట సాధ్యమయ్యెను. సిలిండరు లోపలి ఇనుప తొడుగులను తీసివేసి, కరిగిన లోహమును పలుచని పూతగా చిమ్మిరి. అట్లు మిగిలిన చోటుతో సిలిండరు వ్యాసము 92.2 మిల్లీమీటర్లనుండి 93కు పెరిగెను. బలము 460 అయ్యెను. 2024 ఇంజనుకు గాలి పీల్చుటకు రెండు ద్వారములు పెట్టిరి. గుఱ్ఱమునకు రెండవ ముక్కుపుటము వచ్చినదనవచ్చును.

చిన్న ఇంజను కథ ఇంకను విచిత్రము. 2015 మస్టాంగులో నాలుగు సిలిండర్ల ఇంజను కూడ కలదు. అదియు 1974 నాటి చిన్న ఇంజనువలె 2.3 లీటర్లదే. బయటికి పోవు పొగ వేగముతో ఒక చిన్న చక్రము గిరగిర తిరుగును. దానితో కలిసి తిరుగు మఱియొక చక్రము బయటి గాలిని ఒత్తిడితో సిలిండర్లలోనికి త్రోయును. దీనిని టర్బో అందురు. వృథాగా పోవు పొగయే కొలిమితిత్తి పని చేయుచున్నదన్నమాట. నాడు 88 అశ్వశక్తులిచ్చిన పరిమాణమునుండి 2015లో 310 వెలువడినవి.