మనష్షే తండ్రి కన్నీరు

చదువవలసిన భాగము: ఆది. 37:1–28, 41:50–52, 45:1–15

యోసేపు పెరిగిన యిల్లు దేవుని ఎరిగిన యిల్లే. అయినను అందు సమాధానము లేకుండెను. తల్లి రాహేలు ప్రయాణమార్గమందే మరణించెను. తండ్రి ఒక్క కుమారునికే నిలువుటంగీ కుట్టించి తక్కినవారి హృదయములలో పగ పెంచెను. 17 ఏండ్ల ప్రాయమున యోసేపు సొంత అన్నలచేతనే అమ్మబడెను.

ఐగుప్తులో అధిపతియైన పిమ్మట అతడు తన జ్యేష్ఠునికి మనష్షే అని పేరు పెట్టెను. తన బాధను, తండ్రి యింటిని దేవుడు మరపించెనని దాని భావము. కాని 20 ఏండ్లకు పైగా గడచి అన్నలు ఎదుట నిలిచినప్పుడు అతడు కఠినముగా మాటలాడెను. చాటుకు పోయి ఏడ్చెను. మరచితిననుకొన్న గాయము ఇంకను మానలేదు.

ఈ సంగతిని వైద్యులును గమనించిరి. అమెరికాలోని శాన్ డియాగోలో ఫెలిట్టి, ఆండా అనువారు, వారి సహచరులు 9,508 మంది పెద్దలను బాల్యమునుగూర్చి విచారించి 1998లో ఫలితములను ప్రకటించిరి. దెబ్బలు, అవమానము, ఇంటిలో త్రాగుడు, తల్లిపై దౌర్జన్యము మొదలగు కీడులలో నాలుగైనను అనుభవించినవారికి, ఏదియు ఎరుగనివారికంటె మద్యవ్యసనము, క్రుంగుదల, ఆత్మహత్యాప్రయత్నము వంటి అపాయములు 4 నుండి 12 రెట్లు అధికమని తేలెను.

అయితే నిరాశపడనక్కరలేదు. హవాయిలోని కవాయి దీవిలో 1955లో జన్మించిన 698 మంది శిశువులను ఎమ్మీ వెర్నర్ అను మనశ్శాస్త్రవేత్త పెద్దవారగువరకు పరిశీలించెను. మిక్కిలి కష్టములలో పెరిగినవారిలో సుమారు మూడవ వంతు సమర్థులుగాను దయగలవారుగాను ఎదిగిరి. వారిని నమ్మకముగా ప్రేమించిన పెద్ద ఒక్కరైనను ఉండుట అందుకు ముఖ్య కారణములలో ఒకటి.

యోసేపు స్వస్థత ఎట్లు వచ్చెను? ఇక దాచుకొనక, ఐగుప్తీయులు వినునంతగా ఏడ్చెను. తనను అమ్మిన సంగతిని అన్నల ముఖముననే చెప్పెను. కీడును కీడనియే పలికి, దానిపైగా దేవుని హస్తమును చూచి క్షమించెను. క్షమించుటకు ముందు వారి మనస్సు మారెనో లేదో పరీక్షించెను కూడ.

ప్రియ చదువరీ, బాల్యగాయమునకై కార్చు కన్నీరు అవిశ్వాసము కాదు. వైద్యుని సహాయము కోరుట విశ్వాసలోపము కాదు. గాయపడినవారితో “ప్రార్థించి మరచిపొండి” అని తొందరపడి చెప్పక, ఓపికతో వినుడి. సండేస్కూలు బోధకులారా, అవ్వలారా, కలతగల యింటినుండి వచ్చు బిడ్డకు ఆ ఒక్క పెద్ద మీరే కావచ్చును.

ఆలోచించుడి: మీ సంఘములో అట్టి బిడ్డ ఎవరు? ఈ వారము ఆ బిడ్డకొరకు మీరేమి చేయగలరు?

ప్రార్థన: తండ్రీ, మేము దాచిన గాయములను నీ యెదుట విప్పుటకు ధైర్యమిమ్ము. మా పిల్లలు భయములేక పెరుగునట్లు మా యిండ్లను దిద్దుము. ఆమేన్.