పాత చట్రమా? కొత్త చట్రమా?

విద్యార్థులారా! పుంగనూరు ఆవును చూశారా? ఎత్తు సుమారు మూడడుగులు. కొద్దిపాటి మేతతో సరిపెట్టుకుంటుంది. పాలు తక్కువే గాని వెన్న ఎక్కువ. సంకరజాతి ఆవు బిందె నిండా పాలిస్తుంది, కాని దానికి పచ్చిమేత, నీరు దండిగా కావాలి. ఈ రెండింటిలో ఏది మంచిదని రైతును అడిగి చూడండి. “నీ దగ్గర మేత ఎంతుంది? పాలు ఎవరికి?” అని ఆయన మిమ్మల్నే ఎదురు ప్రశ్నిస్తాడు. కంప్యూటరు ప్రోగ్రాములు రాసేవారికీ సరిగ్గా ఇలాంటి చిక్కే వస్తుంది. అదేమిటో చూద్దాం.

ఇల్లు కట్టే మేస్త్రీ తలుపును, కిటికీని తానే చెక్కుకోడు. వడ్రంగి చేసిన చట్రాన్ని తెచ్చి గోడలో నిలబెడతాడు. అలాగే కంప్యూటరు తెరమీద కనిపించే కిటికీలు, బటన్లు, అక్షరాలు టైపు చేసే గడులు ముందే తయారుగా దొరుకుతాయి. ఆ సామగ్రినే ఫ్రేమ్‌వర్క్ అంటారు. మనం చట్రం అందాం.

మదనపల్లె టమాటా మార్కెట్లో ఒక మండీ ఉందనుకుందాం. 1998లో మైక్రోసాఫ్ట్ సంస్థ విడుదల చేసిన విజువల్ బేసిక్ 6తో ఎవరో దానికి లెక్కల ప్రోగ్రాము రాసిపెట్టారు. ఎన్ని క్రేట్లు వచ్చాయి, ధర ఎంత పలికింది, కమీషన్ పోను రైతు చేతికి ఎంత వస్తుంది అనే వివరాలన్నీ అది తప్పు లేకుండా లెక్కకట్టి చీటీ ఇస్తుంది. కాని చీటీ ఇంగ్లీషులో ఉంటుంది. తన పంట లెక్కను రైతు మరొకరి చేత చదివించుకోవాలి. సరే, తెలుగులో ఇద్దామని యజమాని రైతు పేరును తెలుగులో టైపు చేస్తే, తెరమీద వరుసగా ప్రశ్నార్థకాలు పడ్డాయి! ఎందుకని?

కంప్యూటరుకు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఉండాలి. విజువల్ బేసిక్ 6లోని మామూలు గడులు పాతకాలపు అక్షర పట్టికలను చూసి పనిచేస్తాయి. ఆ పట్టికల్లో తెలుగుకు చోటు లేదు. పట్టికలో లేని అక్షరం వస్తే ‘?’ గుర్తు వేసి ఊరుకుంటాయి. 1991లో వెలువడిన యూనికోడ్ అనే పట్టికలో మాత్రం ప్రపంచ భాషలతో పాటు తెలుగుకూ 128 స్థానాలు కేటాయించారు. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరంలో స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం అని 6 సంఖ్యలుంటాయి. వాటిని కలిపి ఒక్క అక్షరంగా గీయడం కూడా చట్రానికి తెలియాలి.

కాబట్టి మండీ వారు చట్రం మార్చక తప్పదు. మరి దేనికి మారాలి? 2002లో విన్‌ఫారమ్స్, 2006లో డబ్ల్యు.పి.ఎఫ్., 2021లో విన్‌యు.ఐ. 3 వచ్చాయి. మూడింటికీ యూనికోడ్ తెలుసు. తేడా ఎక్కడుందంటే, విన్‌ఫారమ్స్ తెరను చుక్కలతో కొలుస్తుంది. అంగుళానికి 96 చుక్కలున్న తెరమీద 96 చుక్కల బటన్ ఒక అంగుళం ఉంటుంది. అదే బటన్, అంగుళానికి 192 చుక్కలున్న తెరమీద, ప్రోగ్రాములో తగిన ఏర్పాటు లేకపోతే అర అంగుళానికి కుంచించుకుపోతుంది. డబ్ల్యు.పి.ఎఫ్. అంగుళంలో 96వ వంతును కొలతగా తీసుకుంటుంది కనుక, తెరకు తగినట్టు తానే 192 చుక్కలు వాడుకుంటుంది. విన్‌యు.ఐ. 3 ఇంకా సొగసైనదే, కాని దానికి విండోస్ 10 గాని, ఆ తర్వాతిది గాని కావాలి. మండీలో మూల పడి ఉన్న విండోస్ 7 యంత్రం మీద అది నడవదు.

కొత్తది తప్పకుండా ఎక్కువ కాలం బతుకుతుందనుకుంటున్నారా? 2007లో వచ్చిన సిల్వర్‌లైట్‌కు 2021 అక్టోబరు 12తో మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయింది. అంతకు అయిదేళ్లు పెద్దదైన విన్‌ఫారమ్స్ మాత్రం నేటికీ కొనసాగుతోంది. పుట్టిన సంవత్సరం చూసి ఎంచుకుంటే ఇలా మోసపోతాం.

అందుకని నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. చేయవలసిన పని దీనితో అవుతుందా? మన యంత్రం మీద నడుస్తుందా? చేసిన సంస్థ ఇంకా మరమ్మతులు చేస్తోందా? చెడిపోతే బాగుచేయగలవారు మన ఊళ్లో ఉన్నారా? మండీకి కావలసింది చీటీలే, తెరా ఒక్కటే. కాబట్టి విన్‌ఫారమ్స్ చాలు. అదే కుప్పంలో, తమిళనాడు, కర్ణాటక సరిహద్దులు కలిసేచోట, చిన్నా పెద్దా తెరలున్న పది దుకాణాలకు తెలుగు, తమిళం, కన్నడం మూడింటా కనబడే ప్రోగ్రాము కావాలంటే డబ్ల్యు.పి.ఎఫ్. మేలు.

ఒక జాగ్రత్త. చట్రం మార్చినంత మాత్రాన పాత లెక్కను పారేయకూడదు. కొన్నాళ్లు పాత, కొత్త ప్రోగ్రాములను పక్కపక్కన నడిపి, రెండు చీటీల మొత్తాలూ పైసతో సహా సరిపోతున్నాయో లేదో చూడాలి. అక్షరం తప్పితే దిద్దుకోవచ్చు. లెక్క తప్పితే నష్టపోయేది రైతు.

మీరే చేయండి: 1. ‘రాష్ట్రం’ అనే మాటలో ఎన్ని యూనికోడ్ సంఖ్యలున్నాయి? 2. అంగుళానికి 144 చుక్కలున్న తెరమీద 96 చుక్కల బటన్ వెడల్పు ఎంత?

జవాబులు: 1. ఎనిమిది. 2. అంగుళంలో మూడింట రెండు వంతులు.