మంచు రాకముందే బాట

మన పాఠశాల విద్యార్థులలో ఆకాశమునుండి మంచు రాలుట కన్నులార చూచినవారు మిక్కిలి అరుదు. పుష్యమాసమున తెల్లవారుజామున గడ్డిపై మెఱయు మంచుబిందువులే మనకు పరిచితములు. కాని భూగోళపు ఉత్తరభాగమున గల పెక్కు దేశములలో చలికాలమున మంచు దూదివలె రాలి, మోకాలిలోతున పేరుకొని, పొలములను, అడవులను, బాటలను ఒక్కటిగా కప్పివేయును. అట్టి మంచులో నడచుట దమ్ముచేసిన మడిలో నడచుటకంటె కష్టము. అడుగు వేసినచో కాలు దిగబడును. ఈ కష్టమును దాటుటకై ఆ దేశపు జనులు కనిపెట్టిన సాధనమే స్కీ.

స్కీ అనగా పొడవుగను, సన్నముగను ఉండి, ముందుకొన పైకి వంగిన పలక. కాలికొక్కటి చొప్పున రెండు పలకలను బూట్లకు బిగించుకొని, చేతులలో రెండు ఊతకఱ్ఱలు పట్టుకొని జనులు మంచుపై జారుచు పోవుదురు. మనిషి బరువు పలక పొడవునను పరచుకొనుటచే కాలు దిగబడదు. ఎత్తైన కొండవాలునుండి క్రిందికి జారుట ఇందొక విధము. ఎత్తుపల్లములు గల నేలపై, అడవులగుండ, తన బలముతోనే దూరములు సాగిపోవుట మఱియొక విధము. దీనికి క్రాస్‌కంట్రీ స్కీ అని పేరు. ఈ వ్యాసమున మేము ఈ రెండవ విధమును గూర్చి చెప్పబూనితిమి. అందును ఆటను గూర్చి కంటె, ఆటకు ముందు ఒక ఊరు చేసికొను సన్నాహమును గూర్చియే ఎక్కువగా చెప్పుదుము.

స్కీ పూర్వచరిత్ర

స్కీ అను మాట ప్రాచీన నార్స్ భాషనుండి వచ్చినది. చీల్చిన కొయ్య అని దాని అర్థము. స్వీడన్ దేశమున కాల్వ్‌త్రెస్క్ అనుచోట 1924 లో దొరికిన ఒక స్కీ సుమారు 5,200 సంవత్సరముల నాటిదని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. అనగా ఇది వినోదముకొఱకు పుట్టినది కాదు. వేటకును, ప్రయాణమునకును, బ్రతుకుతెరువునకును పుట్టినది.

నార్వే దేశచరిత్రలో ఒక ప్రసిద్ధ ఘట్టము కలదు. 1206 లో ఆ దేశమున అంతఃకలహములు చెలరేగుచుండగా, శిశువైన హాకోన్ రాకుమారుని శత్రువులనుండి కాపాడుటకై ఇరువురు వీరులు అతనిని ఎత్తుకొని, స్కీలపై మంచుకొండలు దాటించిరి. వారు బిర్కెబైనర్ అను పక్షమునకు చెందినవారు. భూర్జవృక్షపు బెరడును కాళ్లకు చుట్టుకొనెడివారగుటచే వారికా పేరు వచ్చినది. ఆ శిశువే 1217 లో రాజయ్యెను. ఈ సంఘటన జ్ఞాపకార్థము 1932 నుండి రేనా, లిల్లెహామర్ అను ఊళ్ల నడుమ సుమారు 54 కిలోమీటర్ల స్కీ పందెము జరుపుచున్నారు. పాల్గొను ప్రతివాడును ఆ శిశువు బరువునకు గుర్తుగా 3.5 కిలోగ్రాముల మూటను వీపున మోయవలెను.

వలసపోయిన పలకలు

1825 మొదలుకొని సుమారు నూఱు సంవత్సరముల కాలములో 8 లక్షలకు పైగా నార్వే జనులు ఉత్తర అమెరికాకు వలసపోయిరి. విస్కాన్సిన్, మిన్నెసోటా, అయోవా మున్నగు రాష్ట్రములలో పలువురు భూములు సాగుచేసికొని స్థిరపడిరి. వారు తమ భాషను, తమ ప్రార్థనలను, తమ వంటలను వెంట తీసికొనిపోయిరి. స్కీలు చేయు నేర్పును కూడ తీసికొనిపోయిరి. నార్వేలోని టెలిమార్క్ ప్రాంతమున పుట్టి, స్నోషూ థామ్సన్ అను పేర ప్రసిద్ధుడైన ఒక వలసదారుడు 1856 నుండి ఇరువది సంవత్సరములు చలికాలమున సియెఱ్ఱా నెవాడా పర్వతములను దాటుచు, సుమారు 90 మైళ్ల దూరము టపా మోసెను.

ఈ వలసజనుల చరిత్రలో రెండు సంవత్సరములను పక్కపక్కన ఉంచి చూడుడు. అయోవా రాష్ట్రములోని డెకోరా పట్టణమున 1874 లో మొదలై, ఇంటింటను చదువబడిన నార్వీజియన్ పత్రిక డెకోరా పోస్టెన్ 1972 లో ఆగిపోయెను. ఆ భాష చదువువారు తగ్గిపోవుటయే అందులకు ముఖ్యకారణము. మఱుసటి సంవత్సరము, అనగా 1973 ఫిబ్రవరిలో, విస్కాన్సిన్ రాష్ట్రములోని హేవర్డ్ అను చిన్న ఊరినుండి, నార్వే వీరుల పేరు పెట్టుకొని, అమెరికన్ బిర్కెబైనర్ అను స్కీ పందెము ఆరంభమయ్యెను. ఒకదానివలన మఱియొకటి కలిగినదని మేము చెప్పుట లేదు. తాతలు తెచ్చిన రెండు సొత్తులలో ఒకటి క్షీణించిన కాలముననే మఱియొకటి ఎట్లు చిగిర్చినదో గమనింపుమనుట మాత్రమే మా ఉద్దేశము.

ఆ పందెమును ప్రారంభించినవాడు హేవర్డ్ వాస్తవ్యుడైన టోనీ వైజ్. అతడు 1947 లో సమీపమున ఉన్న కేబుల్ అను ఊరి దగ్గఱ కొండపై టెలిమార్క్ అను విహారస్థలమును నెలకొల్పెను. మొదటి యేడు 50 కిలోమీటర్ల పందెమున పాల్గొన్నవారు 35 మంది మాత్రమే. నేడు వేలకొలది జనులు దూరదేశములనుండి సైతము వచ్చుచున్నారు. హేవర్డ్ జనాభా సుమారు 2,500 మాత్రమే! టోనీ వైజ్ వ్యాపారము 1980 దశకములో ఆర్థికముగా దెబ్బతిని అతని చేయి జారిపోయెను. ఆయన కట్టించిన పెద్ద విడిదిభవనము పాడుపడి, 2021 లో కూల్చివేయబడెను. అయినను పందెము నిలిచినది. ఏలయన, అప్పటికది ఒక్కని సొత్తుగాక ఊరందఱి పనియై యుండెను.

దుకాణములో సన్నాహము

ఇట్టి ఊళ్లలో స్కీలమ్ము దుకాణము కేవలము అమ్మకపు స్థలము కాదు. మన పల్లెలలో ఏరువాకకు ముందు కమ్మరి కొలిమి దగ్గఱ రైతులు గుమిగూడుదురు గదా! ఆకులు రాలు అక్టోబరు, నవంబరు మాసములలో స్కీ దుకాణము అట్టిదగును. మంచు ఇంకను పడలేదు. కాని పడిన నాడు పరుగెత్తి లాభము లేదు.

మొదట దుకాణదారుడు మనిషికి తగిన పలకను ఏర్చి ఇచ్చును. స్కీని నేలపై పెట్టినచో దాని నడుమభాగము విల్లువలె కొంచెము పైకి లేచియుండును. కొనువాడు రెండు కాళ్లపై సమముగ నిలిచినపుడు నడుమ క్రింద పెట్టిన కాగితము సులభముగా జరుగవలెను. బరువంతయు ఒక్క కాలిపై మోపినపుడు ఆ కాగితము కదలక బిగిసిపోవలెను. కాలితో తన్నునపుడు నడుమభాగము మంచును పట్టవలెను, జారునపుడు మంచును వీడవలెను. అందుకొఱకే ఈ పరీక్ష. ఎత్తునుబట్టియేగాక బరువునుబట్టియు పలకను ఎంచవలెనని దీనివలన తెలియును.

రెండవది మైనము పూయుట. పలక రెండు కొనలకు జారుడు మైనమును ఇస్త్రీపెట్టె వంటి సాధనముతో కరగించి పట్టించి, చల్లారిన పిదప గీకివేయుదురు. నడుమభాగమునకు పట్టుమైనమును పూయుదురు. దీనికి రంగులు కలవు: గడ్డు చలికి ఆకుపచ్చ, ఒక మోస్తరు చలికి నీలము, మంచు కరగు వేడిమికి దగ్గఱగా ఉన్నపుడు ఎఱుపు. నేటి వాతావరణమేమి, మంచు క్రొత్తదా పాతదా అని చూచి మైనమును నిర్ణయించుట అనుభవముచే వచ్చు విద్య. కనుకనే పలు దుకాణములలో సీజనుకు ముందు ఒక సాయంకాలము మైనపు పాఠము చెప్పుదురు. పూర్వము జారుటకై ఫ్లోరిన్ రసాయనములు గల మైనములను వాడెడివారు. అవి నేలలోను, నీటిలోను నశింపక నిలిచియుండునని తేలినందున, అంతర్జాతీయ స్కీ సమాఖ్య 2023-24 సీజనునుండి తన పోటీలలో వానిని పూర్తిగా నిషేధించెను.

మూడవది మనము ముఖ్యముగా గమనింపవలసినది. పిల్లలు ఏటేట ఎదుగుదురు. ఏటేట క్రొత్త పలకలు కొనుట తల్లిదండ్రులకు భారము. అందుచే పెక్కు దుకాణములు పిల్లల స్కీలను సీజనంతటికి అద్దెకిచ్చును. వసంతమున తిరిగి తీసికొని, మఱుసటి యేట పెద్దవి ఇచ్చును. వాడిన స్కీల సంతను కూడ శరత్కాలమున జరుపుట వాడుక. ఒక ఇంటి పిల్లకు పొట్టియైన పలక వేఱొక ఇంటి పిల్లవానికి మొదటి పలక యగును.

బాట పని

స్కీలు ఉన్నంతమాత్రమున చాలదు, బాట కావలెను. బాట పని వేసవి చివరినుండియే మొదలగును. గాలివానకు పడిన చెట్లను కోసి తీసివేయుట, గడ్డిని, తుప్పలను కొట్టుట, నీరు నిలువకుండ కాలువలు తీయుట, చిన్న వంతెనలను బాగుచేయుట, దారి చూపు బల్లలను నాటుట మొదలైన పనులు స్వచ్ఛందముగ వచ్చినవారిచే జరుగును. ఎవరే దినమున వచ్చెదరో వ్రాసికొను పట్టిక తఱచుగా స్కీ దుకాణపు గోడపైననే వ్రేలాడుచుండును. నార్వేలో ఇట్టి ఉమ్మడి శ్రమకు దుగ్నాద్ అను ప్రత్యేకమైన పేరే కలదు.

మంచు పడిన తరువాత యంత్రముతో దానిని అదిమి, చదునుచేసి, బండిచక్రముల గాడివలె రెండు గాడులు తీయుదురు. రాత్రివేళ తీసిన గాడి చలికి గట్టిపడి తెల్లవారుసరికి సిద్ధమగును. 1980 దశకమున పక్కలకు తన్నుచు పోవు స్కేటింగు పద్ధతి వ్యాపించుటచే బాటలను మఱింత వెడల్పు చేయవలసి వచ్చెను. యంత్రమునకు నూనె, నడపువానికి జీతము కావలెను గదా! చందాలు, బాట రుసుములు, దానములే పెక్కు చోట్ల ఆధారము.

దుకాణదారుడు ఇందు పాటుపడుట తన లాభముకొఱకే గదా యని ఎవరైన అడుగవచ్చును. నిజమే, బాట లేనిదే స్కీ అమ్ముడుపోదు. కాని అతని లాభమునకును ఊరి మేలునకును ఒకే గాడి ఏర్పడినది. స్వార్థమును, పరార్థమును ఇట్లు ఒక్క బాటపై నడిపింపగలుగుటయే ఆ ఊరి నేర్పు.

ఉమ్మడి పనియన్నంత మాత్రమున అది అందఱిదియు కానేరదు. స్వీడన్ దేశమున 1922 లో ఆరంభమైన 90 కిలోమీటర్ల వాసలోపెట్ పందెమును 1923 లో మార్గిట్ నోర్దిన్ అను స్త్రీ పూర్తిచేసెను. మఱుసటి యేటనే స్త్రీలు పాల్గొనరాదని నిషేధించిరి. ఆ నిషేధము తొలగుటకు 1981 వఱకు పట్టినది. సగము జనులను వెలుపల నిలిపి ఊరంతయు కూడినదనుట న్యాయము కాదు.

మంచు రాని యేడు

ఇంత చేసినను మంచు రానిచో? ఇదియే నేడు ఆ ఊళ్లను బాధించు ప్రశ్న. వాసలోపెట్ 1932, 1934, 1990 సంవత్సరములలో మంచు లేక జరుగలేదు. ఇప్పుడు భూతాపము పెరుగుటచే చలికాలములు కురుచయగుచున్నవి. అమెరికన్ బిర్కెబైనర్ పందెము 2017 లో వెచ్చదనము, వానల వలన రద్దయ్యెను. 2024 లోను మంచు కరవయ్యెను. కాని ఆ యేడు ఊరివారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. యంత్రములతో మంచు చేసి, 10 కిలోమీటర్ల చుట్టుబాటపై పఱచి, ఆ బాటపైననే పలుమాఱులు తిరుగునట్లు పందెమును జరిపించిరి. స్వీడన్‌లోని ఓస్టెర్‌సుండ్ వంటిచోట్ల మంచును పెద్ద గుట్టగా పోసి, ఱంపపుపొట్టుతో కప్పి, వేసవియంతయు దాచి, శరత్కాలమున బాటపై పఱచుచున్నారు. మన పెద్దలు విత్తనపు ధాన్యమును పాతఱలో దాచుట వంటిదే ఇది.

అయినను యంత్రపు మంచు తగిన చలి ఉన్నపుడే తయారగును. దానికి ధనమును, నీటిని విశేషముగా వెచ్చింపవలెను. కనుక ఆ ఊళ్ల భయము తీఱలేదు. భయముండియు ప్రతి శరత్తునను వారు చెట్లు కోయుచున్నారు, పలకలకు మైనము పూయుచున్నారు, పిల్లలకు స్కీలు సరిచూచుచున్నారు.

మనము గ్రహింపదగినది

వారసత్వముగ వచ్చినదేదియు తనంత తాను నిలువదు. ప్రతి తరమును, ప్రతి సంవత్సరమును, అవసరము రాకముందే దానికి బాట వేయవలెను. స్కీ నిలిచినది దానిని పొగడుటచే కాదు. పిల్లవాని కాలికి సరిపడు పలకను సకాలమున అందించుటచే. పత్రిక ఆగిపోయినది దానిపై ప్రేమ లేక కాదు. చదువ నేర్చిన పిల్లలు తగ్గుటచే.

తెలుగు రాష్ట్రములకు వెలుపల తెలుగు చదువుకొను మనకు ఈ మాట దగ్గఱగా తగులును. తల్లిదండ్రులకు మేము విన్నవించునది ఒక్కటే. బడి తెఱచు దినమువఱకు ఆగక, సెలవులలోనే పిల్లలచే దినమునకొక పుట తెలుగు చదివింపుడు. విద్యార్థులారా, పై తరగతికి పోవునపుడు మీ తెలుగు వాచకమును అటకపై పడవేయక, క్రింది తరగతి పిల్లవానికి అందింపుడు. మీకు పొట్టియైన పలక అతనికి మొదటి పలక.

అభ్యాసము

1. స్కీ పలకను ఎంచునపుడు కాగితముతో చేయు పరీక్షను, దాని కారణమును వివరింపుడు.

2. టోనీ వైజ్ వ్యాపారము చేయి జారినను పందెము నిలుచుటకు కారణమేమి?

3. మంచు కరవైన యేటను ఎదుర్కొనుటకు చేయు రెండు ఉపాయములను తెలిపి, వానిలోని కష్టమును చెప్పుడు.

4. మీ ఊరిలో అందఱును కలిసి, అవసరమునకు ముందే చేయు పని ఏదైన కలదా? మీ ఇంటి పెద్దలను అడిగి పది వాక్యములలో వ్రాయుడు.