కణుపు కణుపుగా

బోధన్ పల్లెల్లో చెరకు సంగతి తెలియని వాళ్లు లేరు. ముచ్చె నాటిన వారానికే గడ చేతికి రాదు. పది, పన్నెండు నెలలు పడుతుంది. ఒక కణుపు మీద ఒక కణుపు పెరుగుతుంది. మన కోరికలు కూడా అట్లనే తీరుతాయి.

కోరిక వేరు, లక్ష్యం వేరు

"అప్పు తీరాలె." "బిడ్డ సదువుకోవాలె." ఇవి కోరికలు. కోరికలు అందరికీ ఉంటాయి. లక్ష్యం అంటే మనం చేరవలసిన చోటు. బస్సు ఎక్కేటప్పుడు ఎక్కడ దిగాలో తెలిసి ఉండాలి కదా! కోరిక లక్ష్యంగా మారాలంటే మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

ఏ పని చేయాలి?
ఎంత చేయాలి?
ఎప్పటిలోగా చేయాలి?

ఒక అక్క లెక్క

నిజామాబాద్ జిల్లాలో వేలమంది ఆడవాళ్లు బీడీలు చేస్తారు. అట్లాంటి ఒక అక్కకు 6,000 రూపాయల అప్పు ఉందనుకుందాం. నెలకు నూటికి 2 రూపాయల మిత్తి. అంటే మొదటి నెల మిత్తి 120 రూపాయలు.

"ఆరు నెలల్ల మొత్తం కట్టేస్త" అనుకుంది అక్క. అట్లా కట్టాలంటే నెలకు 1,000 రూపాయల అసలు, దానిపై మిత్తి కావాలి. అన్ని పైసలు ఎక్కడి నుంచి వస్తాయి? అక్కకు ఒకటే దారి కనిపించింది. ఏడో తరగతి చదివే బిడ్డను బడి మాన్పించాలి. చాట ముందర కూర్చోబెట్టాలి.

పక్కింటామె ఆపింది. "తొందరపడకు వదినా. నీకు నెలకు ఎంతొస్తదో ముందుగాల చెప్పు" అంది.

అక్క చెప్పలేకపోయింది. బీడీల కార్డులో లెక్క వేరేవాళ్లు రాస్తారు. ఆమె ఎన్నడూ చదివి చూడలేదు.

"ఇప్పుడు నీకు అంకెలు వచ్చినయి గదా! నీ లెక్క నువ్వే రాసుకో" అంది పక్కింటామె.

అక్క లక్ష్యం మార్చుకుంది. నెల రోజులు ప్రతిరోజూ తేదీ రాయాలి. ఆ రోజు ఇచ్చిన కట్టలు రాయాలి. 25 బీడీలకు ఒక కట్ట. 40 కట్టలైతే వెయ్యి బీడీలు. కూలి వెయ్యి బీడీల లెక్కన వస్తుంది.

ఒకరోజు కార్డులో 3 కట్టలు తక్కువ పడ్డాయి. అంటే 75 బీడీలు! అంతకుముందైతే "ఎంత రాసిన్రో ఏమో" అని ఊరుకునేది. ఈసారి తన పుస్తకం చూపించి అడిగింది. తప్పు సరిచేశారు.

నెల చివర రాబడి ఎంతో తెలిసింది. ఇంటి ఖర్చు కూడా రాసి చూసింది. నెలకు 250 రూపాయల అసలు, దానితోపాటు మిత్తి కట్టగలనని తేలింది. అప్పు 24 నెలల్లో తీరుతుంది. ఆరు నెలల కంటే ఇది చాలా ఎక్కువ కాలమే. కాని ఇది జరిగే పని. బిడ్డ బడి మానదు.

అసలు తగ్గిన కొద్దీ మిత్తి తగ్గుతుంది. రెండో నెల అసలు 5,750, మిత్తి 115 రూపాయలు. చివరి నెల మిత్తి 5 రూపాయలే.

మధ్యలో జ్వరం రావచ్చు. ఇంట్లో పెండ్లి రావచ్చు. ఆ నెల మిత్తి మాత్రం కట్టాలి. గడువు ఒక నెల జరుగుతుంది. అంతేగాని లక్ష్యం పోదు.

ఒక చేతి పని, పది చేతుల పని

కొన్ని పనులు ఒక్కరి చేతిలో ఉండవు. బోధన్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ 1937లో ఏర్పడింది. 2015లో మూతపడింది. కార్మికుల, చెరకు రైతుల బతుకులు తారుమారయ్యాయి. అట్లాంటి ఫ్యాక్టరీని ఒక్క మనిషి తెరిపించగలడా? లేడు. మరి ఒక్కరి చేతిలో లేని పనిని వదిలేయాలా? అవసరం లేదు. చేతులు కలపాలి.

నెల్లూరు జిల్లాలో దూబగుంట అనే ఊరుంది. 1990 తర్వాత అక్కడి ఆడవాళ్లు కూడా మీలాగే రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్నారు. సారా వల్ల పాడైన సంసారాల గురించి పాఠం చదివారు. "ఇది మన కథే" అనుకున్నారు. రోశమ్మ వంటివాళ్లు ముందు నడిచారు. దేశమంతా సారా పోవాలని వాళ్లు మొదలుపెట్టలేదు. తమ ఊళ్లో సారా దుకాణం ఉండొద్దన్నారు. అది వాళ్లకు అందే లక్ష్యం. అందరూ కలిసి దాన్ని సాధించారు.

1992లో ఆ మాట ఊరూరికీ పాకింది. 1993 అక్టోబర్ 1 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధం అమలైంది. 1995లో మొత్తం మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారు. అన్నీ ఒకేసారి గెలవలేం. కాని నెల్లూరు ఆడవాళ్లు అక్కడే ఆగలేదు. రోజుకు ఒక్క రూపాయి చొప్పున పొదుపు చేయడం మొదలుపెట్టారు. ఆ పొదుపును "పొదుపు లక్ష్మి" అన్నారు.

చేతులు ఎన్ని ఉంటే లక్ష్యం అంత ఉండాలి. చేతులు పెరిగితే లక్ష్యాన్నీ పెంచుకోవచ్చు.

ఆలోచించండి

1. అక్క మొదటి లక్ష్యం ఎందుకు జరిగే పని కాదు?
2. అక్క సొంతంగా లెక్క రాసుకోవడం వల్ల ఏమేమి తెలిశాయి?
3. మీ ఊళ్లో పదిమంది కలిస్తే అయ్యే పని ఏది?

లెక్క చేయండి

రోజుకు 10 రూపాయలు దాస్తే 30 రోజులకు ఎంత? ఒక ఏడాదికి ఎంత?

మీ పుస్తకంలో రాయండి

నేను చేయదలచిన పని: ............
ఎంత: ............
ఎప్పటిలోగా: ............
ఈ వారం చేసేది: ............