దగ్గరున్న ఎయిర్‌పోర్టే గెలుస్తుందా?

ప్రతి ఊరినీ దగ్గరి ఎయిర్‌పోర్టుకి పంచుతూ వొరొనోయ్ డయాగ్రమ్ గీస్తే, నెల్లూరు రేణిగుంట వాటాలో పడుతుంది. గీత గీసి కొలిస్తే రేణిగుంట సుమారు 100 కిలోమీటర్లు, చెన్నై 160. అయినా దుబాయ్ వెళ్ళాలంటే కారు చెన్నైకే తిరుగుతుంది. రేణిగుంటకి 2017లోనే అంతర్జాతీయ హోదా వచ్చింది, కానీ హోదా ఎక్కి ఎగరలేం కదా!

అంటే ఎయిర్‌పోర్ట్ పరిధికి గీత ఉండదు, ప్రాబబిలిటీ ఉంటుంది. 1960లలో డేవిడ్ హఫ్ షాపింగ్ సెంటర్ల కోసం చెప్పిన మోడల్ ఇక్కడా పనికొస్తుంది: ఒక్కో ఎయిర్‌పోర్ట్ ఆకర్షణని దూరంతో భాగించి, మొత్తంలో దాని వాటా ఎంతో చూడటమే. ఆకర్షణ అంటే ముఖ్యంగా ఫ్లైట్ల సంఖ్య, టికెట్ ధర. చిన్న ఎయిర్‌పోర్ట్ ఇక్కడే లూప్‌లో ఇరుక్కుంటుంది. ఫ్లైట్లు లేవని జనం రారు, జనం లేరని ఎయిర్‌లైన్ ఫ్లైట్ వెయ్యదు. కడప లాంటి చోట్ల ఉడాన్ సబ్సిడీ ఆ లూప్‌ని బ్రేక్ చెయ్యడానికే, కానీ ఒక రూట్‌కి అది మూడేళ్ళే. ఆలోపు జనానికి అలవాటు కాకపోతే లూప్ మళ్ళీ మొదటికే.