బ్యాటరీ ఆటోకు సోలార్ ప్యానెల్

ప్రశ్న: వేములవాడకు బ్యాటరీ ఆటో నడుపుతాను. నాలుగు లెడ్ యాసిడ్ బ్యాటరీలు, 48 వోల్టులు. మధ్యాహ్నానికే చార్జింగ్ అయిపోతోంది. పైన సోలార్ ప్యానెల్ పెట్టిస్తే చాలా? – ఒక పాఠకుడు, బోయినపల్లి

జవాబు: చాలదు. 300 వాట్ల ప్యానెల్ మంచి ఎండలో రోజుకు ఒక యూనిట్‌కు కాస్త అటూఇటూ ఇస్తుంది. 100 ఆంపియర్ అవర్ బ్యాటరీలు నిండడానికి ఐదు యూనిట్ల పైనే కావాలి. పదిహేను, ఇరవై కిలోమీటర్లు కలిసొస్తాయేమో, అదీ రాజన్న గుడి దగ్గర నీడ వెతుక్కోకుండా ఎండలో ఆపితేనే! రాత్రి ఇంట్లో చార్జింగ్ మానొద్దు.

ముందు బ్యాటరీల్లో డిస్టిల్డ్ వాటర్ మట్టం చూడండి. పాతబడ్డ బ్యాటరీకి ప్యానెల్ మందు కాదు.

పెట్టించాలనుకుంటే ప్యానెల్‌ను నేరుగా కలపకండి. ఒక్క ప్యానెల్ వోల్టేజీ మీ బ్యాటరీలకు సరిపోదు. దాన్ని పెంచే బూస్ట్ చార్జ్ కంట్రోలర్, ఫ్యూజు తప్పనిసరి. బరువు ఇరవై కిలోల దాకా ఉంటుంది, ఫ్రేమ్ గట్టిగా ఉండాలి. టాప్ మార్చేముందు ఆర్టీఏ ఆఫీసులో అడగండి. బ్యాటరీ ఉబ్బినా, ఘాటు వాసన వచ్చినా బండి ఆపి వెంటనే మెకానిక్‌కు చూపించండి.